జిరాక్స్ షాపు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు: ఆధార్, ఫోన్, సర్కారు, మన ప్రైవసీ

కోదాడ బస్టాండు దగ్గర మాకో చిన్న జిరాక్స్, ఇంటర్నెట్ షాపు ఉంది. పద్నాలుగేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. ఊరు సరిహద్దులో ఉండటంతో ఇటు మునగాల, హుజూర్‌నగర్ వాళ్ళూ వస్తారు, అటు జగ్గయ్యపేట వాళ్ళూ వస్తారు. మిషన్ దగ్గర నిలబడ్డ ఐదు నిమిషాల్లో పొద్దున ఫోన్‌లో చూసిన వార్త ఏదో ఒకటి అడుగుతారు. "అక్కా, ఆధార్ లాక్ చేసుకోవాలంట, నిజమేనా?" "మేడమ్, గవర్నమెంటు యాప్ పెట్టుకోకపోతే ఫోన్ బంద్ అయితదంట కదా?" అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా అభిప్రాయమైతే నాదేనని చెప్పాను.

దాచుకోవడానికి నా దగ్గర ఏముందని? ఈ ప్రైవసీ గొడవ చదువుకున్నవాళ్ళది కదా?

ఈ మాట ఎక్కువగా కూలికి పోయేవాళ్ళు, పింఛను తీసుకునే పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళకు నేను ఒక పల్లీల పొట్లం సంగతి చెబుతాను.

మా కౌంటర్ కింద ఒక అట్టపెట్టె ఉండేది. మిషన్‌లో ఇరుక్కుని సగమే పడ్డ కాపీలు, మసకగా వచ్చినవి, తలకిందులైనవి అన్నీ అందులో వేసేదాన్ని. నెలకోసారి పాత పేపర్లతను వచ్చి కిలోల లెక్కన పట్టుకుపోయేవాడు. ఒకరోజు సాయంత్రం బస్టాండు బయట బండి మీద పల్లీలు కొన్నాను. పొట్లం మీద ఎవరో ఒకావిడ ఫొటో కనిపించింది. విప్పి చూస్తే ఆధార్ కాపీ. పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, పన్నెండు అంకెలు, అన్నీ చదవడానికి వీలుగా ఉన్నాయి. కాపీ మధ్యలో పైనుంచి కిందికి సన్నటి నల్లగీత ఉంది. ఆ వారమంతా మా మిషన్ డ్రమ్ము పాడై ప్రతి కాపీ మీదా అదే గీత పడుతోంది. అంటే అది మా షాపు నుంచి పోయిన కాగితమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడ దగ్గర దాచుకోవాల్సిన రహస్యం ఏదీ ఉండకపోవచ్చు. కానీ ఆ కాగితం చెడ్డవాడి చేతిలో పడితే ఆవిడ పేరు మీద సిమ్ తీయడానికి ప్రయత్నించొచ్చు, అప్పు యాప్‌లో వివరాలు ఎక్కించొచ్చు. రేపు ఏదైనా కేసైతే పోలీసులు ముందు వచ్చేది ఆవిడ గుమ్మంలోకే. మన కాగితం ఎవరి దగ్గర ఉంది, ఎందుకు ఉంది, ఎన్నాళ్ళు ఉంటుంది అనేది మనకు తెలిసి ఉండాలి. నేను ప్రైవసీ అనేది దీన్నే.

ఇది చదువుకున్నవాళ్ళ హక్కే అయితే సుప్రీంకోర్టు అంత పెద్ద తీర్పు ఇచ్చేది కాదు. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు ఎనభై దాటిన వయసులో, 2012లో, ఆధార్ మీద కేసు వేశారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా అది ప్రాథమిక హక్కేనని, రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తేల్చారు. ఆ తీర్పు కోటీశ్వరుడికి ఎంత వర్తిస్తుందో, పల్లీల పొట్లం మీద ఫొటో ఉన్న ఆవిడకూ అంతే వర్తిస్తుంది.

ఆధార్ జిరాక్స్ ఎవరు అడిగినా ఇవ్వాల్సిందేనా?

ఇవ్వక్కర్లేదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టాన్ని నాలుగు–ఒకటి తేడాతో సమర్థించింది గానీ, ఎక్కడపడితే అక్కడ అడగడానికి మాత్రం ఒప్పుకోలేదు. రేషన్, పింఛను లాంటి ప్రభుత్వ సొమ్ముతో నడిచే పథకాలకు ఆధార్ అడగొచ్చు. పాన్ కార్డుతో లింకు చేయాలి, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుకూ కావాలి. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు తప్పనిసరి చేయడం చెల్లదంది. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి అనకూడదంది. ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడగడానికి దారి ఇచ్చిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టేసింది.

తర్వాత 2019లో చట్టం సవరించి బ్యాంకులు, టెలికాం కంపెనీలు మనం ఇష్టపడి ఇస్తే వాడుకోవచ్చన్నారు. ఇష్టపడి ఇస్తే అన్నది ఇక్కడ ముఖ్యం. ఓటరు కార్డో, పాస్‌పోర్టో, డ్రైవింగ్ లైసెన్సో చూపించే దారి మనకు ఉంటుంది. లాడ్జిలో గదికి, అద్దె ఇంటికి, జిమ్‌కు ఆధారే కావాలని ఏ చట్టమూ చెప్పదు. గుర్తింపు కార్డు ఏదో ఒకటి అడుగుతారు, అంతవరకు న్యాయమే.

తప్పక ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ గడి దగ్గర టిక్ పెడితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా చివరి నాలుగే ఉన్న కార్డు వస్తుంది. కాగితం మీద ఇస్తుంటే ఫొటో మీద పడకుండా అడ్డంగా రాయండి: "ఫలానా పని కోసం మాత్రమే, తేదీ ఇంత". సంతకం పెట్టండి. నేను కౌంటర్ మీద పెన్ను తాడుతో కట్టి పెట్టింది ఇందుకే.

కాపీలు ఎవరికీ ఇవ్వొద్దని ప్రభుత్వమే చెప్పి మళ్ళీ కాదందట కదా?

అవును. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం నుంచి, జిరాక్స్ కాపీలు ఎవరికిపడితే వాళ్ళకు ఇవ్వొద్దు, మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండని ప్రకటన వచ్చింది. రెండు రోజులకే, జనం తప్పుగా అర్థం చేసుకుంటారని దాన్ని వెనక్కి తీసుకున్నారు. మామూలు జాగ్రత్త తీసుకుంటే చాలన్నారు. నా మటుకు మొదటి ప్రకటనే సరైనది. అందులో ఉన్న సలహా ఈ రోజుకూ పనికొస్తుంది.

అడ్డంగా రాసిన కాపీ తీసుకోం అని వాళ్ళంటే?

గొడవ పడకండి. కారణం కాగితం మీద రాసివ్వమని నెమ్మదిగా అడగండి. చాలాచోట్ల అక్కడితో తీసుకుంటారు.

వేలిముద్రతో బ్యాంకులో డబ్బులు లాగేస్తారట. భూమి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను, భయమేస్తోంది.

ఊరికే పుట్టిన భయం కాదు ఇది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌ల డీలరు దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలో వేలిముద్రల అచ్చులు చేయించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత ఇలాగే ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు చాలా రాష్ట్రాల్లో వచ్చాయి. ఇందులో ఓటీపీ అడగరు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, బొటనవేలు మార్చుకోలేం.

దీనికి ఉన్న మందు బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ వేసుకోవచ్చు. లాక్ వేశాక వేలిముద్ర, కనుపాప పనిచేయవు. అవసరమైనప్పుడు కాసేపు తెరిచి మళ్ళీ మూసుకోవచ్చు. ఆధార్‌కు మీ ఫోన్ నంబరు లింకై ఉండాలి. సందేహముంటే 1947కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

కానీ రేషన్, పింఛను వేలిముద్రతో తీసుకునేవాళ్ళకు లాక్ వేయమని నేను చెప్పను. మా వీధిలో ఒక అవ్వ ఉంది. యాభై ఏళ్ళు మిరపకాయలు కోసి, బట్టలుతికి వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. లాక్ లేకుండానే రేషన్ షాపులో మిషన్ ఆమె వేలు పట్టదు. బొటనవేలు కొంగుతో తుడుచుకుంటుంది, నెత్తికి రాసుకున్న కొబ్బరినూనె కాస్త అద్దుకుంటుంది, మళ్ళీ పెడుతుంది. ఎర్రలైటే వస్తుంది. వెనక లైనులో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. అలాంటి మనిషికి లాక్ తెరవడం, మూయడం ఎవరు చేసిపెడతారు? మిషన్ పట్టకపోతే వేరే పద్ధతిలో బియ్యం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. వేలు పడలేదని ఉత్తచేతులతో పంపిస్తే మాత్రం తహసీల్దారు ఆఫీసుకు అర్జీ పెట్టండి. ఆ అర్జీ టైపు చేయడానికి నేను డబ్బులు తీసుకోను.

మీరు రైతులైతే, ఆధార్ లింకైన బ్యాంకు ఖాతాలో ఎక్కువ డబ్బు ఉంచుకునే అలవాటుంటే, ఆధార్‌తో డబ్బు తీసే సదుపాయం ఆపమని బ్యాంకులో అడగండి. మీకు దాని అవసరం లేకపోతే అది తెరిచి ఉండటం వల్ల ప్రయోజనం లేదు.

కొత్తగా డేటా చట్టం వచ్చిందట. ఇక నిశ్చింతేనా?

సగం నిశ్చింత. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. రూల్స్ రావడానికి మాత్రం 2025 నవంబరు దాకా పట్టింది. అందులోనూ కంపెనీలు పాటించాల్సిన అసలు నిబంధనలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. 2017లో కోర్టు హక్కు అని చెప్పింది, అది పూర్తిగా చేతికందడానికి పదేళ్ళు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మంచి సంగతులు ముందు చెబుతాను. మన వివరాలు తీసుకునేముందు ఏవి, ఎందుకు తీసుకుంటున్నారో సులువైన మాటల్లో చెప్పాలి. ఆ నోటీసు ఇంగ్లీషులోనే కాదు, మనం కావాలంటే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోనైనా ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. నాకు ఈ చట్టంలో బాగా నచ్చింది ఇదే. ఇన్నాళ్ళూ "ఐ అగ్రీ" అని ఉన్న చోట వేలు పెట్టడమే తప్ప కింద ఏముందో చదివినవాళ్ళు లేరు. ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. తప్పులు దిద్దమని, పని అయిపోయాక చెరిపేయమని అడగొచ్చు. డేటా లీకైతే మనకు వెంటనే చెప్పాలి. తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

ఇప్పుడు లోట్లు. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, నష్టపోయిన మనిషికి పైసా రాదు. పాత ఐటీ చట్టంలో నష్టపరిహారం అడగడానికి ఉన్న సెక్షన్ కూడా ఆ అసలు నిబంధనలు అమల్లోకి వచ్చినప్పుడు పోతుంది. పైగా మనం అర్థం లేని ఫిర్యాదు చేశామని, ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే బోర్డు అనుకుంటే మన మీదే పదివేల దాకా జరిమానా వేయొచ్చు. ఊళ్ళో మామూలు మనిషి ఆ మాట వింటేనే వెనకడుగు వేస్తాడు.

ఇంకొకటి మా షాపుకు సంబంధించింది. ఈ చట్టం డిజిటల్ డేటాకే. కాగితం మీద ఉండి, ఎవరూ కంప్యూటర్‌లోకి ఎక్కించకపోతే దీని కిందికి రాదు. పల్లీల పొట్లం ఈ చట్టానికి కనిపించదు.

ప్రభుత్వానికి కూడా ఆ చట్టం వర్తిస్తుందా?

కాగితం మీద వర్తిస్తుంది. కానీ దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలతో ఏ ప్రభుత్వ సంస్థనైనా మొత్తంగా మినహాయించే అధికారం కేంద్రం చేతిలోనే ఉంది. పథకాలు, సర్టిఫికెట్లు ఇవ్వడానికైతే మళ్ళీ మన అంగీకారం అడగకుండానే మన డేటా వాడుకోవచ్చు. పైగా తనిఖీ చేయాల్సిన బోర్డు సభ్యులను నియమించేది కేంద్రమే. మన దేశంలో మనిషి వివరాలు అందరికంటే ఎక్కువగా ఉన్నది ప్రభుత్వం దగ్గర. మరి అందరికంటే గట్టిగా కాపలా ఉండాల్సింది కూడా అక్కడే అని నా అభిప్రాయం.

ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టాన్నీ మార్చారు. ఇది వార్తల్లో పెద్దగా రాలేదు. ఇదివరకు ఎవరివైనా వ్యక్తిగత వివరాలు అడిగితే, వాటికి ప్రజల పనితో సంబంధం లేకపోతేనో, అనవసరంగా ఒకరి గోప్యతకు భంగం కలిగితేనో ఇవ్వనక్కర్లేదు అని ఉండేది. ఇప్పుడు ఆ షరతులు పోయి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు ఇవ్వనక్కర్లేదు అని మిగిలింది. ప్రజాప్రయోజనం ఎక్కువుంటే ఇవ్వొచ్చు అన్న వేరే క్లాజు ఇంకా ఉంది గానీ, ఇవ్వాలో వద్దో తేల్చేది ఆ ఆఫీసరే.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో మన తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ అనేది దేశానికి దారి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. గ్రామసభలో మస్టర్ చదువుతారు: ఫలానా మనిషి, ఇన్ని రోజుల పని, ఇంత కూలి. "నేను ఆ వారం ఊళ్ళోనే లేను" అని ఒకాయన లేచి నిలబడతాడు. దొంగ మస్టరు బయటపడుతుంది. పేర్లు లేకపోతే ఆ తనిఖీయే లేదు. పేదవాడి ఆధార్‌ను దాచడానికి వాడాల్సిన ప్రైవసీ అనే మాటను, డబ్బు ఎవరు తిన్నారో దాచడానికి వాడతారేమో అని నా భయం.

సర్వేవాళ్ళు ఇంటికొచ్చి అన్నీ అడుగుతున్నారు. చెప్పాలా?

ఏ సర్వే అనేది చూడాలి. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరిగినప్పుడు ప్రశ్నలు 75 దాకా ఉన్నాయి. ఆస్తులు, అప్పులు కూడా అడిగారు. చాలామంది కొన్ని గడులు ఖాళీగా వదిలేశారు, కొందరు తలుపే తీయలేదు. సర్వే ఉద్దేశం మంచిదే. బీసీల లెక్క తేలాలని నేనూ కోరుకున్నాను. కానీ ఈ కాగితాలు ఎక్కడ ఉంచుతారు, ఎవరు చూస్తారు అని అడిగితే మా వీధికి వచ్చిన ఆవిడకు ఎవరూ చెప్పి పంపలేదు. ఆవిడ తప్పేమీ లేదు.

జనగణన వేరు. దానికి 1948 నాటి చట్టం ఉంది. జవాబు చెప్పడం మన బాధ్యత. బదులుగా మనం చెప్పింది రహస్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత. కోర్టులో సాక్ష్యంగా కూడా వాడకూడదు. 2027 జనగణన ఫోన్‌లలో, డిజిటల్‌గా జరిపేలా పెట్టారు. బ్యాంకు ఖాతా నంబరు అందులో ఉండదు. ఎవరైనా అడిగితే అది జనగణన కాదు.

ఆ చట్టంలో ఒక చిన్న సంగతి నాకు ఎంతో ఇష్టం. ఆచారం ప్రకారం భర్త పేరు నోట పలకని ఆడవాళ్ళు ఆ పేరు చెప్పనక్కర్లేదని అందులో రాశారు. మా నాయనమ్మ తాతయ్య పేరు చెప్పాల్సి వస్తే పక్కింటి పిల్లను పిలిచి చెప్పించేది. ప్రశ్న అడిగేటప్పుడు ఎదుటి మనిషి మర్యాద చూడాలని 1948లో ఆలోచించగలిగారు.

సంచార్ సాథీ యాప్ ఫోన్‌లో లేకపోతే ఏమవుతుంది?

ఏమీ కాదు. 2025 నవంబరు చివర్లో, కొత్త ఫోన్లన్నింటిలో ఆ యాప్ ముందే వేసి అమ్మాలని టెలికాం శాఖ కంపెనీలకు ఆదేశమిచ్చింది. విషయం బయటికి రాగానే గొడవైంది. డిసెంబరు 3న తప్పనిసరి అన్నది తీసేశారు. ఇష్టముంటే పెట్టుకోవచ్చు, లేకపోతే లేదు.

యాప్ పెట్టుకోకపోయినా దాని వెబ్‌సైట్ మాత్రం ఒక్కసారి తెరవండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో అందులో కనిపిస్తుంది. ఒక మనిషికి తొమ్మిది దాకా ఉండొచ్చు. మా అమ్మకు జీవితంలో ఒక్కటే నంబరు. అందులో చూస్తే మూడున్నాయి. మిగతా రెండూ, ఆమె ఒక షాపులో సిమ్ మార్పించుకోవడానికి ఆధార్ ఇచ్చి వేలిముద్ర వేసిన రోజువే అయ్యుంటాయి. "పడలేదు, మళ్ళీ పెట్టమ్మా" అని మూడుసార్లు వేలు పెట్టించారని అమ్మకు గుర్తుంది. "నావి కావు" అని అక్కడే నొక్కితే కొన్నాళ్ళకు ఆగిపోయాయి. ఫోన్ పోతే దాన్ని బ్లాక్ చేయించడం కూడా అక్కడే. *#06# నొక్కితే వచ్చే అంకెలు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోన్ పోయాక నొక్కడానికి ఫోన్ ఉండదు.

ఇంత ఉపయోగమున్నదాన్ని బలవంతంగా ఎందుకు పెట్టాలి? మంచి చెడ్డ చెబితే జనమే పెట్టుకుంటారు.

డిజిటల్ అరెస్ట్ అంటే ఏంటి? నిజంగా చేస్తారా?

పోలీసులమనో, జడ్జీలమనో వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే మోసం అది. చట్టంలో అలాంటిది లేదు. ఏ పోలీసూ, సీబీఐ, ఈడీ, జడ్జి వీడియో కాల్‌లో అరెస్టు చేయరు, డబ్బు వేయమనరు. 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు.

అయినా చదువుకున్నవాళ్ళే పడుతున్నారు. ఒక మధ్యాహ్నం ఒక రిటైర్డ్ మాస్టారు మా షాపుకొచ్చారు. ఎప్పుడూ "ఏమ్మా, బాగున్నావా" అని పలకరించే మనిషి, ఆ రోజు నోరు విప్పలేదు. చొక్కా జేబులో ఫోన్ నిలువుగా ఉంది, కెమెరా బయటికి కనిపించేలా. కాగితం మీద రాసి చూపించారు: "ఈ మెయిల్‌లో లెటర్ ప్రింట్ కావాలి". తెరిచి చూస్తే సుప్రీంకోర్టు ముద్రతో అరెస్టు ఆర్డరు. చెయ్యి వణుకుతోంది, మెడ మీద చెమట కారుతోంది. పొద్దున్నుంచీ కాల్ నడుస్తూనే ఉందట. నేను అదే కాగితం తిప్పి రాశాను: "ఇది మోసం. ఫోన్ కట్ చేయండి సార్". ఆయన చదివారు, మళ్ళీ చదివారు. కట్ చేసే ధైర్యం రాలేదు. జేబులోంచి నేనే తీసి ఆపేశాను. స్టూల్ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చారు. మరునాడు బ్యాంకు తెరవగానే ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయాలని వాళ్ళు చెప్పి ఉంచారట.

డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. తెల్లారాక చూద్దాం అనుకుంటే వెళ్ళిపోతుంది.

వాట్సాప్‌లో మనం పంపేవి ఎవరైనా చదువుతారా?

మెసేజ్ పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు, ఆ కంపెనీ కూడా. కానీ ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడారు అనేది కంపెనీకి తెలుస్తుంది. 2021లో ప్రైవసీ పాలసీ మార్చి, ఒప్పుకోండి లేదా మానేయండి అన్నట్టు పెట్టినందుకు కాంపిటిషన్ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది. ఒక మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలని ప్రభుత్వం 2021లో తెచ్చిన రూలును వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది.

అసలు ప్రమాదం చాలావరకు ఫోన్ చేతులు మారినప్పుడే. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్ళను ఆపి గంజాయి అనే మాట కోసం ఫోన్లలో చాటింగులు వెతికిన వీడియో అందరూ చూశారు. తనిఖీకి పద్ధతి ఉండాలి. దారిన పోయేవాడి ఫోన్ తెరిపించడం పద్ధతి కాదు.

మన మిత్ర లాంటి వాట్సాప్ సర్వీసులు వాడొచ్చా?

వాడండి. మన మిత్ర ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో మొదలైంది. జగ్గయ్యపేట నుంచి సర్టిఫికెట్ కోసం రోజు కూలి పోగొట్టుకుని తిరిగేవాళ్ళకు అది ఎంత మేలో కళ్ళారా చూశాను. నంబరు మాత్రం సచివాలయంలో అంటించిన పోస్టరు నుంచే తీసుకోండి. ఎవరో ఫార్వర్డ్ చేసినది వద్దు.

బట్టల షాపులో బిల్లుకు ఫోన్ నంబరు అడుగుతున్నారు.

ఇవ్వనని చెప్పొచ్చు. నంబరు ఇవ్వకపోతే బిల్లు వేయం అనడం తప్పని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. ఇప్పటికే ఇచ్చేసి, ప్రచార కాల్స్‌తో విసిగిపోతుంటే 1909కి ఫోన్ చేసి ఆపించుకోండి.

ముఖం చూసి గుర్తుపట్టే కెమెరాల సంగతేంటి?

హైదరాబాద్ ఇందులో దేశంలోనే ముందుంది. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో కొంపల్లిలో పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలు పోల్చి చూశారు. హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారు. ఏ చట్టం ప్రకారం తీశారని ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. తప్పిపోయిన పిల్లలను వెతకడానికి ఇది పనికొస్తుందంటే కాదనను. కానీ ఎప్పుడు వాడాలి, ఎన్నాళ్ళు ఉంచాలి, తప్పుగా గుర్తుపడితే ఎవరు బాధ్యులు అనేది రాసిన చట్టం ముందు రావాలి, కెమెరా తర్వాత. ఎయిర్‌పోర్టులో ముఖం చూపించి లోపలికి వెళ్ళే డిజియాత్ర మీ ఇష్టం. వద్దంటే కార్డు చూపించి వేరే లైనులో వెళ్ళొచ్చు.

ఇంత చెబుతున్నారు, మీ షాపులో మా కాగితాల సంగతేంటి?

అడగాల్సిన ప్రశ్నే. పొట్లం చూసిన మరుసటి వారం సెకండ్ హ్యాండ్ పేపర్ ముక్కలు చేసే మిషన్ కొన్నాను. అట్టపెట్టె తీసేశాను. పాడైన కాపీ మీ ముందే ముక్కలు చేస్తాను, లేదా మీకే ఇచ్చేస్తాను.

కంప్యూటర్ సంగతి ఇంకా ముఖ్యం. మీరు వాట్సాప్‌లో పంపిన ప్రతి ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం ఫొటో షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో పడి ఉంటుంది. ఒకసారి లెక్కపెడితే మా దాంట్లో నాలుగువేలు దాటి ఉన్నాయి. ఇప్పుడు రాత్రి షట్టర్ దించేముందు ఆ ఫోల్డర్, రీసైకిల్ బిన్, షాపు వాట్సాప్ చాట్లు అన్నీ ఖాళీ చేస్తాను. మీరు ఏ షాపుకు వెళ్ళినా ప్రింట్ చేతికొచ్చాక "మా ముందే డిలీట్ చేయండి" అని అడగండి. మెయిల్ తెరిస్తే లాగౌట్ అయ్యే దాకా కుర్చీ లేవకండి. కుదిరితే డిజిలాకర్‌లో కాగితాలు పెట్టుకోండి. అందులో ప్రభుత్వం జారీ చేసినవి ఒరిజినల్‌తో సమానం, జిరాక్స్ అవసరమే తగ్గుతుంది. నాకు రెండు రూపాయలు తగ్గినా పర్వాలేదు.

వేళ్ళు అరిగిపోయిన అవ్వ మొన్న పింఛను కాగితానికని ఆధార్ తెచ్చింది. మొదటి కాపీ వంకరగా పడింది, రెండోది సరిగ్గా వచ్చింది. డబ్బులు ఇచ్చి మెట్టు దిగింది, ఏదో గుర్తొచ్చి మళ్ళీ ఎక్కింది. "ఆ పాడైంది కూడా ఇటియ్యి బిడ్డా" అని అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని పోయింది.